మా ఇంట్లో పచ్చడి కుండ లేదు

చాలా రోజులైంది ఇక్కడ రాసి. ఇది కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల ఒక సర్టిఫికెట్ పనిమీద ఒక కాలేజీకి పోయా. ఆ కాలేజీ పేరు ఎందుకులెండి. ఆఫీసులో సారు రావడానికి గంట పడుతుందంటే, ఊరికే కూర్చోలేక పక్క గదిలోకి తొంగి చూశా. గిరిజన వస్తువులు పెట్టిన గది అది. అద్దాల బీరువాలు నాలుగు. మన కొమ్ముల తలపాగా ఉంది, డోలు ఉంది, విల్లంబులు, చేపలు పట్టే బుట్ట, కల్లు పోసుకునే ఆనపకాయ బుర్ర ఉన్నాయి. చివరి బీరువాలో కింది అరలో నాలుగు కుండలు. ఒక్కో దాని ముందు ఒక అట్టముక్క. మూడో దాని ముందు ఇట్లా ఉంది: పేరు, ఆనపకాయ కుండ. పదార్థం, మట్టి. ఉపయోగం, గృహ అవసరాలు. తెగ, కోయ. జిల్లా, ఖమ్మం.

ముందు నవ్వొచ్చింది. ఆ కుండకీ ఆనపకాయకీ పోలికే లేదు. గుండ్రంగా, మూతి కొంచెం దగ్గరగా, జానెడున్నర ఎత్తు. అడుగంతా పొగచూరి నల్లగా ఉంది. ఆనపకాయ లాగా పొడుగు మెడ ఏదీ? ఫోటో తీసి మన వాళ్లకి పెడదామని ఫోను బయటికి తీశా. తీసినోణ్ణి అట్లాగే ఆగిపోయా. ఎవరో ఎక్కడో "ఆనల కుండ" అని చెప్పి ఉంటారు. రాసుకున్నాయన చెవికి అది "ఆనప కుండ" అని వినపడి ఉంటది. పక్కనే నిజమైన ఆనపకాయ బుర్ర ఉంది కదా, ఇది కూడా ఆ జాతిదే అనుకుని "కాయ" కలిపేసి ఉంటారు.

కోయోళ్లకి ఈ పాటికి అర్థమై ఉంటది. గ్రూపులో లంబాడా, సవర, గదబ, జాతాపు, యానాది మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం చెప్తా. ఆనలు అంటే మా ఇంట్లో చనిపోయిన పెద్దలు. వాళ్లు ఎక్కడికో పోయారని మేము అనుకోం. ఇంట్లోనే ఉంటారు, లోపలి గదిలో, ఆ కుండలో. కొత్త పంట ఇంటికొచ్చినా, పండుంకి వండినా, ముందు వాళ్లకి పెట్టిన తర్వాతే మేము తినాలి. ఇంకా ఏమేం చేస్తారో, ఎవరు చేస్తారో, ఏ మాటలు అంటారో నేను ఇక్కడ రాయను. అవి ఇంటి సంగతులు. ఊరికీ ఊరికీ, గట్టుకీ గట్టుకీ తేడా కూడా ఉంటది. మా ఇంట్లో ఉన్నట్టే మీ ఇంట్లో ఉండాలని లేదు.

అంత గొప్ప కుండ కదా, అదేదో ప్రత్యేకంగా చేయిస్తారనుకోకండి. సంతలో కుమ్మరి దగ్గర కొన్న కుండే అది. మా దిక్కు కోయోళ్లు కుండలు చేయరు. బుట్ట అల్లుతాం, విల్లు చెక్కుతాం, సారె మాత్రం తిప్పం. మా నాయనమ్మ చిన్నప్పుడు రోడ్డు దిక్కున్న ఊరి నుంచి కుమ్మరి ఒకాయన కావడిలో కుండలు వేసుకుని వచ్చేవాడంట. కుండ నిండా గింజలు కొలిస్తే కుండ మనది, గింజలు ఆయనవి. పెద్ద బాన అయితే బేరం ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ కావడి లేదు, సంత మిగిలింది. నాయనమ్మతో సంతకి పోతే కుండల దగ్గరే సగం పొద్దు పోయేది. ఒక్కో కుండని ఎత్తి, నోటికాడ చెవి పెట్టి, వేలు మడిచి కణుపుతో కొట్టి చూసేది. ఖంగున మోగితే కింద పెట్టకుండా పక్కన పెట్టుకునేది. బొంగురుగా వస్తే "ఓటిది" అని వెనక్కి ఇచ్చేసేది. కంటికి కనపడని బీట కూడా చెవికి దొరుకుతది అనేది. కుమ్మరాయనకి కోపం రాదా అంటే, రాదు. ఆయన కూడా ఆవం నుంచి తీసేటప్పుడు అట్లాగే కొట్టి చూస్తాడు.

ఒకసారి ఆయన ఇంటి వెనక ఆవం పెట్టడం చూశా. చెరువు మన్ను తెచ్చి, రాళ్లూ వేర్లూ ఏరి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. సారె మీద లేచేది కుండ పైభాగమే అని అప్పుడు తెలిసింది. అడుగు మందంగా ఉంటది. కొంచెం ఆరినాక లోపల ఒక గుండ్రాయి పట్టుకుని బయట నుంచి చెక్కతో కొడుతూ కొడుతూ అడుగుని గుండ్రంగా సాగదీస్తారు. పల్చగా ఉంటే పొయ్యి మీద తొందరగా కాగుతది, గుండ్రంగా ఉంటే మంట అన్ని వైపులా ఒకేలా తగులుతది, మూడు రాళ్ల పొయ్యిలో సరిగ్గా కూర్చుంటది. తర్వాత నీడలో ఆరబెట్టి, కట్టెలు, పిడకలు, గడ్డి మధ్య పేర్చి, పైన మట్టి పూసి కాలుస్తారు. గాలి బాగా ఆడితే ఎర్ర కుండ, చివర్లో గాలి మూసేసి పొగలో మగ్గిస్తే నల్ల కుండ. మట్టి ఒకటే, తేడా గాలిది.

ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినోళ్లకి ఇంకో సంగతి. పచ్చి కుండని ఎంత ఎండబెట్టినా నీళ్లు పోస్తే మళ్లీ బురదే. మంటలో ఐదారు వందల డిగ్రీలు దాటినప్పుడు మట్టి లోపల కట్టుబడి ఉన్న నీరు కూడా వదిలిపోతది. ఆ తర్వాత నువ్వు ఏం చేసినా అది బురద కాదు. పగులుతది, పెంకు అవుతది, కానీ మట్టిలో కలవదు. తవ్వకాల్లో వేల ఏళ్ల నాటి పెంకులు దొరికేది అందుకే. అయినా ఆవం వేడి వెయ్యి డిగ్రీల లోపే కాబట్టి సన్న సన్న రంధ్రాలు మిగిలిపోతాయి. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చెమ్మలా బయటికొచ్చి ఆరిపోతూ ఉంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. కొత్త చట్టిలో కూర వండే ముందు గంజి కాచి పోసేది ఆ రంధ్రాలు పూడడానికే. నాయనమ్మకి ఈ డిగ్రీలు తెలియవు. కొత్త చట్టి "తాగుతది" అనేది, ముందు దానికి తాగించాలి అనేది.

ఇంట్లో ఇన్ని కుండలు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో పేరు. నీళ్లు మోసేది కడవ, నీళ్లు నిలవ ఉండేది బాన, కూరకి చట్టి, జావకి అటిక, మీద మూకుడు. జీలుగు చెట్టుకి కట్టేది ఒకటి, ఇప్పపూలు నానేసేది ఇంకొకటి. చివరికి పగిలిన పెంకుకి కూడా పని ఉండేది, పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకోవడానికి. ఇప్పుడు అన్నిటి బదులు స్టీలు, సిల్వరు, ప్లాస్టిక్ బిందె. ఇందులో బాధపడేది ఏం లేదు. మైలు దూరం నీళ్లు మోసే మా అమ్మని అడగండి, ప్లాస్టిక్ బిందె ఎంత తేలికో చెప్తది. మట్టి కుండలో వండుకుంటే ఆరోగ్యం అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఎప్పుడూ నీళ్ల కడవ నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కి ఉండరు. అన్ని కుండలు పోయినా మా ఇంట్లో పోని కుండ ఆ ఒక్కటే.

అసలు చెప్పాల్సిన సంగతి ఇప్పుడు చెప్తా. సిగ్గుగానే ఉంది.

ఏడో తరగతిలో నేను హాస్టల్లో ఉండేవాణ్ణి. ఒక రాత్రి కరెంటు పోయింది, అందరం దయ్యాల కథలు చెప్పుకుంటున్నాం. నేను గొప్పగా "మా ఇంట్లో చచ్చిపోయినోళ్లు కుండలో ఉంటారు, మా తాత కూడా ఉన్నడు" అన్నా. భయపెడదామని కాదు, అది నాకు తెలిసిన మామూలు సంగతి. ఒకడు కెవ్వుమన్నాడు. పొద్దున్నకి నా పేరు దయ్యాల కుండ. ఆ ఏడాదంతా అదే పేరు. నా పక్కన పడుకోవడానికి ఎవరూ రాలేదు. తెలుగోళ్ల ఇళ్లలో చావు రోజు కుండకి చిల్లులు పెట్టి, నీళ్లు కారుస్తూ చితి చుట్టూ తిరిగి, పగలగొట్టేస్తారు కదా. కుండా చావూ ఒక్కచోట వినపడితే వాళ్లకి గుర్తొచ్చేది అదే. పగలగొట్టాల్సిన దాన్ని వీళ్లు ఇంట్లో దాచుకున్నారేంటి అని భయం. వాళ్ల తప్పు అని ఇప్పుడు అనను. అప్పుడు మాత్రం ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే లోపలి గది తలుపు దగ్గరికి వేసేసేవాణ్ణి. "ఆ కుండ ఏంట్రా" అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు, పచ్చడి కుండ.

2022 జూలైలో వరద వచ్చింది. గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీళ్లు చూడలేదు అన్నారు పెద్దోళ్లు. మా ఊరు కూనవరం ఎగువన, శబరి ఒడ్డున. గోదావరి నిండితే శబరి నీళ్లు పోవడానికి తోవ ఉండదు, వెనక్కి తన్ని మా ఇళ్లలోకి వస్తాయి. ఆధార్ కార్డులు, పాసుపుస్తకం, రెండు బియ్యం బస్తాలు, మేకలు, అన్నీ ట్రాక్టర్ ఎక్కించాం. నాయన చివరిగా లోపలికి పోయి గుడ్డలో చుట్టిన కుండ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "దించకు" అన్నాడు, అంతే.

గుట్ట మీద టార్పాలిన్లు కట్టుకుని ఉన్నాం. పక్క టార్పాలిన్‌లో వేరే ఊరోళ్లు. రెండో రోజు పులిహోర పొట్లాలు వచ్చాయి. పక్కనామె నా ఒళ్లో ఉన్న మూటని చూసి "ఏంది బాబూ, అంత పదిలంగా పట్టుకున్నవ్" అంది. నా నోరు అలవాటుగా "పచ్చడి అమ్మా" అంది. నాయనమ్మ పక్కనే ఉంది. విన్నది. నన్నేం అనలేదు. పొట్లం విప్పి, మొదటి ముద్ద తీసి, మూట విప్పమని చేయి చాపింది. అందరూ చూస్తుండగా పచ్చడి కుండలో పులిహోర పెట్టింది. పక్కనామె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత నేనే అడిగా, "ఇది పండుం కాదు కదా నాయనమ్మా, ఇప్పుడెందుకు" అని. "ఇల్లు మారినం కదయ్యా, ఇక్కడున్నమని వాళ్లకి ఎట్లా తెలుస్తది" అంది.

నీళ్లు తీశాక ఊరికి పోతే మట్టి గోడలు సగం కరిగిపోయి ఉన్నాయి. గోడా కుండా రెండూ మట్టే. గోడ కరిగింది, వెనక దొంతి పెట్టిన పాత కుండలు ఒండ్రు నిండిపోయి అట్లాగే ఉన్నాయి. కడిగితే మళ్లీ కుండలే. నాయనమ్మ వాటిని ఒక్కొక్కటిగా కొట్టి చూసింది. రెండే ఓటిపోయాయి.

ఇక మాట సంగతి. నేను హైదరాబాద్‌లో పీజీలో చేరాక రూములో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడు ఉట్నూరు దిక్కు గోండు తమ్ముడు, ఇంకొకడు బస్తర్ నుంచి వచ్చిన మురియా. నాయనమ్మ పోయిందని ఇంటి నుంచి ఫోను వచ్చిన రాత్రి ముగ్గురం మేలుకునే ఉన్నాం. పొద్దున బస్సు దాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఆమె ఇక ఆనల్లో కలుస్తది అన్నా నేను. ఉట్నూరోడు కొంచెంసేపు ఆగి "మేము సానల్ అంటం అన్నా" అన్నాడు. బస్తర్ వాడు "హానల్" అన్నాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సానల్, హానల్, ఆనల్.

నాకు అప్పటిదాకా ఆనలు అంటే పేరే, అర్థం లేదు. మా కోయలో మనిషి చనిపోయాడు అనడానికి వాడే మాట వేరే. ఆనల్లో చావు ఉన్నట్టే మాకు వినపడదు. ఉట్నూరోడి భాషలో మాత్రం చనిపోవడాన్ని "సాయానా" అంటారు. తెలుగులో చావు, వాళ్లకి సా, బస్తర్‌లో హా, మాకు ఆ. మొదటి అక్షరం కరుగుతూ కరుగుతూ మా దగ్గరికొచ్చేసరికి పోయింది. తర్వాత లైబ్రరీలో తెలిసింది, ఇది మా రూములో కనిపెట్టింది కాదని. ఉప్పు లాంటి రోజూ వాడే మాటల్లో కూడా ఇట్లాగే జరిగింది. గోండి మాండలికాల్లో "స" "హ" అయ్యి, ఆఖరికి ఏమీ లేకుండా పోవడం గురించి భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో ఒక వ్యాసమే రాశారు. చనిపోయిన పెద్దల కుండ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో వచ్చిన మురియాల పుస్తకంలో రాశాడు. అంటే నేను పచ్చడి అని దాచిపెట్టిన దాని గురించి నేను పుట్టకముందే ఇంగ్లీషులో అచ్చయింది.

ఇంకో చిత్రం చూడండి. కుండ తెలుగులో ఉన్న మాటే, మేమూ అదే అంటాం. దాన్ని చేసే కుమ్మరి పేరు సంస్కృతం కుంభకార నుంచి వచ్చింది. మ్యూజియంలో కనపడే టెర్రకోట ఇటలీ మాట, కాల్చిన మన్ను అని అర్థం. ఇంగ్లీషులో ఎర్తెన్‌వేర్ అన్నా మట్టి సామాను అనే. వీళ్లందరూ దేంతో చేశారో చెప్తున్నారు, లేకపోతే ఎవరు చేశారో. ఆ కాలేజీ అట్టముక్క మీద కూడా పదార్థం అనే గడి సరిగ్గానే నిండింది. పేరు గడి దగ్గరే తప్పిపోయింది. అందులో ఎవరున్నారో రాసుకోవడానికి గడి లేదు.

మాటేనా ముఖ్యం, మట్టి కూడా ముఖ్యమా? ఇది మా ఇంట్లో తెగని గొడవ. మా పెద్దక్కని ఇచ్చింది దేవీపట్నం మండలంలో. పోలవరం ముంపులో 2021లోనే వాళ్ల ఊరు ఖాళీ అయ్యి కాలనీకి పోయారు. సిమెంటు ఇల్లు, గచ్చు, వంటింట్లో రాయి పరిచిన గట్టు. పాత ఇంట్లో లోపలి గది చీకటిగా, పొయ్యి పక్కన ఉండేది, బయటోళ్ల కన్ను పడేది కాదు. కాలనీ ఇంట్లో వాకిట్లో నిలబడితే వెనక తలుపు దాకా కనపడతది. కుండ ఎక్కడ పెట్టాలో తెలియక మొదట గట్టు కింద పెట్టారు, అక్కడ గ్యాస్ సిలిండర్ వచ్చింది. అటక మీద పెడితే పెద్దోళ్లని మూలన పడేసినట్టు ఉందని అత్త ఏడ్చింది. ఈ లోపు సామాను అటూ ఇటూ జరుపుతుంటే మూతి పగిలింది. కొత్త కుండ కోసం వెతికితే చుట్టుపక్కల సంతలో ఎండాకాలం నీళ్ల కుండలే ఉన్నాయి, కుళాయి బిగించి, పూలు గీసి. బావ వాళ్ల అన్న "స్టీలు డబ్బా పెడదాం, పగలదు" అన్నాడు.

అప్పటికి మా నాయనమ్మ ఉంది. పంచాయితీ ఆమె దగ్గరికొచ్చింది. స్టీలు వద్దు అని ఒక్క మాటతో తేల్చేస్తది అనుకున్నా. ఆమె చాలాసేపు ఆలోచించింది. "స్టీలు గిన్నె కొట్టి చూస్తే ఎప్పుడూ ఒకేలా మోగుతది. లోపల బాగుందో లేదో ఎట్లా తెలుస్తది" అంది. తర్వాత "దొరక్కపోతే ఏం చేస్తరు, వాళ్లని బయట నిలబెడతరా? దొరికేదాకా పెట్టుకోండి" అంది. ఏడాదిన్నర స్టీలు డబ్బాలోనే ఉన్నారు అక్క వాళ్ల పెద్దోళ్లు. చివరికి బావ రాజమండ్రి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఒక నల్ల కుండ తెచ్చాడు. కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడంట.

స్టీలు డబ్బాని కూడా వాళ్లు ఏడాదిన్నర ఆనల కుండ అనే పిలిచారు. అదేమో స్టీలు, అందులోనూ డబ్బా. అయినా పేరు అదే. ఇది విన్నాక మాటే గెలిచిందని నేనంటా. నాయన ఒప్పుకోడు. మాటే చాలితే మీ బావ రాజమండ్రి దాకా ఎందుకు పోయాడు అంటాడు.

మళ్లీ ఆ గదికి వస్తా. ఆ అట్టముక్క రాసినాయన మీద నాకు ముందు చాలా కోపం వచ్చింది. ఒక్క కోయోణ్ణి అడిగి ఉంటే సరిపోయేది కదా అని. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఆయన అడిగే ఉంటాడు. అడిగినప్పుడు ఎవరు చెప్పి ఉంటారు? తెలుగు బాగా వచ్చిన పిల్లోడు. హాస్టల్లో చదివే పిల్లోడు. నాలాంటోడు. గట్టిగా చెప్పడానికి సిగ్గై, నోట్లో నోట్లో "ఆన...కుండ సార్" అని గొణిగి ఉంటాడు. "ఆనపకాయదా?" అంటే "ఆఁ సార్" అని ఉంటాడు. పచ్చడి అన్నోణ్ణి నేను, ఆనపకాయ అన్నోణ్ణి ఏమంటా?

లోపలికి పోయి అక్కడున్న అటెండరుని అడిగా. మంచివాడు, తాళం తీశాడు. లోపల రెండు కలరా ఉండలు, ఒక నలిగిన టీ కప్పు ఉన్నాయి. టీ కప్పు నేను తీసి పారేశా. వేలు మడిచి కొట్టి చూశా. "ఏం చూస్తున్నవ్ తమ్ముడూ?" అన్నాడు. "ఓటిదో కాదో చూస్తున్నా అన్నా" అన్నా. ఓటిది కాదు. బాగా మోగింది.

పెన్ను తీసి అట్టముక్క మీద దిద్దబోయా. అప్పుడే నాయనకి ఫోను చేయాలనిపించింది. పేరు మారుస్తున్నా, ఆనల కుండ అని రాస్తున్నా అని చెప్పా. నాయన మెచ్చుకుంటాడనుకున్నా.

"ఎవరింటిది?" అన్నాడు.

తెలియదు అన్నా.

"వాళ్లు ఇచ్చేముందు పెద్దోళ్లని వేరే కుండలోకి పిలుచుకున్నరా? లేకుంటే అట్లాగే ఇచ్చేసినరా?"

నా దగ్గర జవాబు లేదు.

"పిలుచుకుని ఉంటే అది ఉత్త కుండేరా, ఏం రాసినా పర్లేదు. పిలుచుకోకుంటే నువ్వు పేరు మారిస్తే సరిపోదు. ముందు అది కనుక్కో."

రిజిస్టరు చూపించమని అడిగా. ఊరి పేరు ఉంది, ఇంటిపేరు లేదు. తారీఖు గడి ఖాళీ. జిల్లా ఖమ్మం అని ఉంది కాబట్టి, 2014లో ఏడు మండలాలు ఆంధ్రాలో కలవకముందే తెచ్చి ఉంటారు. ఆ ఊరు వి.ఆర్.పురం మండలంలోది, ముంపు జాబితాలో ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్లని అడగకుండా రాయడం బాగోదు. వచ్చే శనివారం నాయనా నేనూ బండి మీద పోతున్నాం. ఆ దిక్కు మిత్రులు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆ ఊళ్లో ఎవరింట్లో ఆనల కుండ కాలేజీ వాళ్లకి ఇచ్చారో మీ ఇంట్లో ముసలోళ్లని అడిగితే చాలు, వాళ్లకి గుర్తుంటది.

అట్టముక్క ఇంకా అట్లాగే ఉంది. అటెండరన్నకి నా నంబరు ఇచ్చి వచ్చా. అందులో మాత్రం ఏమీ వేయొద్దని చెప్పా, టీ కప్పులు కూడా.